నలభై దాటాక మొటిమలేమిటి అనకండి

మొటిమకి మన పెద్దలు పెట్టిన పేరులోనే వయసు ఉంది. ఆయుర్వేదంలో దీన్ని యౌవన పిడక అంటారు. ఇక్కడ పిడక అంటే గోడకి కొట్టే పిడక కాదండోయ్, సంస్కృతంలో పొక్కు అని అర్థం. ముఖదూషిక అని ఇంకో పేరు కూడా ఉంది. ముఖాన్ని పాడుచేసేది అని. సుశ్రుతుడు వీటిని బూరుగు చెట్టు ముళ్ళతో పోల్చాడు. బూరుగు మానుని దగ్గర నుంచి చూసినవాళ్ళకి ఆ పోలిక ఎంత సరిగ్గా కుదిరిందో ఇట్టే తెలుస్తుంది. అంతా బాగానే ఉంది కానీ ఆ "యౌవన" అన్న ఒక్క మాటతోనే నాబోటి వాళ్ళకి చిక్కొచ్చి పడింది.

మొటిమలంటే వయసొచ్చిన పిల్లలకి వచ్చేవి అని అందరికీ ఒక లెక్క. పదహారేళ్ళకి వస్తే "వయసు కదమ్మా" అంటారు. ఇరవై మూడుకి ఉంటే "పెళ్ళయితే పోతాయిలే" అంటారు. పెళ్ళయ్యాక ఉంటే "ఒక కాన్పు అయితే ఒళ్ళు కుదుటపడుతుంది" అంటారు. రెండు కాన్పులూ అయ్యి, పెద్దది ఇంటర్ కొచ్చాక కూడా ఉంటే ఇంక చెప్పడానికి ఏమీ మిగలదు కాబట్టి, "ఈ వయసులో నీకు మొటిమలేమిటే" అని నవ్వుతారు. నాకిప్పుడు 44. పై మాటలన్నీ వరసగా, ఒక్కటి కూడా తప్పకుండా విన్నాను.

పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ వెళ్తే ఇది ఇంకాస్త ఎక్కువ. బొట్టు పెట్టి, గంధం రాసి, ఆ గంధం చేత్తోనే నా గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "వేడి చేసిందేమో, సబ్జా నీళ్ళు తాగమ్మా" అంటారు పెద్దవాళ్ళు. పాపం, ప్రేమతోనే అంటారు. కానీ ఆ రోజంతా మనం పమిట కొంగుని గడ్డం దాకా లాక్కుంటూనే ఉంటాం. ఫోటోలప్పుడు వెనక వరసలోకి వెళ్తాం. మీలో ఎంతమంది అలా వెనక వరసలో నిలబడ్డారో నాకు తెలియదు కానీ, ఒకరిద్దరు మాత్రం కాదని నా నమ్మకం.

అసలు డాక్టరు దగ్గరికి వెళ్ళింది మా అమ్మాయి కోసం. దాని నుదురూ బుగ్గలూ నిండిపోయి కాలేజీకి వెళ్ళనని మొండికేసింది. మా అత్తయ్యగారు కూడా "ఆడపిల్ల, రేపు సంబంధాలు చూడాలి, మచ్చలు పడితే ఎలా, తీసుకెళ్ళు" అన్నారు. చర్మవ్యాధుల డాక్టరమ్మ దాన్ని చూసి, మందులు రాసి, చీటీ మీద నుంచి తలెత్తి నా వైపు చూసి, "మరి మీ సంగతేంటమ్మా?" అన్నారు.

"నాదేముంది డాక్టరుగారూ, అమ్మాయిది తగ్గితే చాలు."

"అమ్మాయికన్నా మీకే లోతుగా ఉన్నాయి. ముట్టుకుంటే నొప్పిగా ఉండట్లేదా?"

ఉండకేం. దవడ ఎముక వెంట, గడ్డం కింద, లోపల బఠాణీ గింజ దాచినట్టు గట్టిగా వస్తాయి. మొన తేలవు, పగలవు. పది పదిహేను రోజులు సలుపుతూనే ఉంటాయి. ఫోను చెవి దగ్గర పెట్టుకోవాలన్నా నొప్పే. నెలసరికి వారం ముందు కేలండరు చూడక్కర్లేదు, నా గడ్డమే చెప్పేస్తుంది. ఇదంతా చెప్తే ఆవిడ నా పేరున ఇంకో చీటీ తీశారు. ఆ రెండో చీటీ గురించే ఇవాళ రాయాలనిపించింది. ఎందుకంటే అమ్మాయి మందులకి ఇంట్లో ఎవరూ కారణం అడగలేదు. నా మందులకి మాత్రం నేనే నాకు పది కారణాలు చెప్పుకోవలసి వచ్చింది.

మొటిమ ఎలా వస్తుందో డాక్టరమ్మ చెప్పింది నా భాషలో చెప్తాను. మన చర్మం మీద వెంట్రుక మొలిచే ప్రతి చిన్న రంధ్రం పక్కనా ఒక నూనె గ్రంథి ఉంటుంది. ఆ నూనె పైకొచ్చి చర్మాన్ని మెత్తగా ఉంచాలి. కొందరికి నూనె ఎక్కువ ఊరుతుంది. రాలిపోవాల్సిన చర్మకణాలు రాలకుండా ఆ రంధ్రం మూతి దగ్గరే పేరుకుపోతాయి. వంటింటి సింకు గొట్టంలో జిడ్డూ మెతుకులూ అడ్డం పడినట్టన్నమాట. ఆ లోపల అందరి చర్మం మీదా ఉండే ఒక సూక్ష్మజీవి పెరుగుతుంది. ఒళ్ళు దాని మీదికి యుద్ధానికి వెళ్తుంది. ఎరుపూ వాపూ చీమూ ఆ యుద్ధం తాలూకువే. అంతేగానీ ముఖం సరిగ్గా కడుక్కోకపోవడం వల్ల వచ్చేది కాదు. రోజుకి ఆరుసార్లు సబ్బుతో రుద్దితే చర్మం ఎండిపోయి మంట పుట్టడమే తప్ప లోపలి గొట్టం శుభ్రం కాదు. పొద్దున్నా రాత్రీ, మెత్తటి ఫేస్ వాష్‌తో, రెండుసార్లు చాలు.

ఆ నూనె గ్రంథిని ఆడించేవి ఆండ్రోజెన్లు అనే హార్మోన్లు. మగవాళ్ళ హార్మోన్లంటారు గానీ ఆడవాళ్ళలోనూ కొద్దిగా ఉంటాయి. పాతికేళ్ళు దాటాక కూడా మొటిమలు రావడం మగవాళ్ళకంటే ఆడవాళ్ళలోనే ఎక్కువ. కొందరికి చిన్నప్పటివే కొనసాగుతాయి. కొందరికి చిన్నప్పుడు ముఖం నున్నగా ఉండి ముప్పైల్లో మొదలవుతాయి. నెలసరి ముందు, కాన్పు తర్వాత, నెలసరి ఆగే వయసు దగ్గర పడుతున్నప్పుడు, ఇలా హార్మోన్లు ఎక్కడ తూకం తప్పితే అక్కడ ఇవి తల ఎత్తుతాయి. చాలామందిలో రక్తపరీక్ష చేస్తే హార్మోన్లు మామూలుగానే ఉంటాయట. గ్రంథే కాస్త సున్నితం.

అయితే ఒక్క విషయం మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. మొటిమలతో పాటు నెలసరి రెండు మూడు నెలలకోసారి రావడం, గడ్డం మీదా పై పెదవి మీదా ముతక వెంట్రుకలు రావడం, నడినెత్తిన జుట్టు పలచబడటం, నడుము చుట్టూ బరువు పెరగడం, ఇలాంటివి ఉంటే పీసీఓఎస్ ఉందేమో చూడాలి. అది ఉన్నవాళ్ళకి ముందు ముందు చక్కెరవ్యాధి వచ్చే అవకాశం ఎక్కువ. అంటే ముఖం మీద మొటిమ లోపలి సంగతి చెప్తోందన్నమాట. పెళ్ళి కావాల్సిన పిల్ల అని ముఖానికి మాత్రమే మందు రాసి ఊరుకుంటే అసలు కబురు వినకుండా వదిలేసినట్టే. నలభైల్లో ఇంకోటి కూడా ఉంది. బుగ్గలూ ముక్కూ ఎర్రబడి, ఎండకీ కారానికీ మంటపుడుతూ పొక్కులొచ్చే రోజేసియా అనే వ్యాధిని చాలామంది మొటిమలనుకుంటారు. దాని వైద్యం వేరు. నల్లమొనలు, తెల్లమొనలు ఉంటే మొటిమ. అవి లేకుండా ఎరుపూ పొక్కులూ మాత్రమే ఉంటే డాక్టరు చూసి చెప్పాల్సిందే.

ఇప్పుడు మా తోడికోడలి సంగతి చెప్పాలి. తను అడిగితేనే రాస్తున్నాను, ఇంకొకరికి ఉపయోగపడుతుందని. మూడేళ్ళ కిందట తనకి ముఖం మీద మొటిమలూ వాటి మచ్చలూ ఉండేవి. వీధి చివర మందుల షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చారు. రాసిన నాలుగో రోజుకల్లా ముఖం నున్నగా, తెల్లగా తయారైంది. "అక్కా, ఇదేదో మాయలా ఉంది, నువ్వూ రాసుకో" అని నాకు ఫోను చేసింది. అది నెలల తరబడి సాగింది. ఒక్క రోజు మానేస్తే ముఖమంతా మంట, ఎరుపు, మొదటికన్నా ఎక్కువగా పొక్కులు. మళ్ళీ రాస్తే సద్దుమణిగేది. ఏడాది తిరిగేసరికి బుగ్గల మీద సన్నటి ఎర్రటి నరాలు కనిపించడం మొదలైంది. చెంపల మీద నూగు వచ్చింది. పొయ్యి దగ్గర నిలబడలేకపోయేది.

ఆ ట్యూబులో ఉన్నది స్టెరాయిడ్. మంటనీ ఎరుపునీ వెంటనే అణిచేస్తుంది కాబట్టి మొదట మాయలాగే ఉంటుంది. వాడేకొద్దీ చర్మం పలచబడుతుంది, అదే కొత్త మొటిమలు పుట్టిస్తుంది, మానితే తిరగబడుతుంది. మన దేశంలో ఇది ఎంత మామూలైపోయిందంటే, ఇలా పాడైన ముఖానికి చర్మ వైద్యులు ప్రత్యేకంగా ఒక పేరే పెట్టుకోవలసి వచ్చింది. 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందుల్ని డాక్టరు చీటీ లేనిదే అమ్మకూడని జాబితాలో చేర్చింది కూడా. అయినా అడిగితే ఇచ్చేవాళ్ళు ఇస్తూనే ఉన్నారు, స్నేహితురాలు చెప్పిందని కొనేవాళ్ళు కొంటూనే ఉన్నారు.

కాబట్టి ఇంట్లో ఉన్న ట్యూబులన్నీ ఒకసారి బయటికి తీయండి. వెనక వైపు చిన్న అక్షరాల్లో బీటామెథాసోన్, క్లోబెటాసాల్, మొమెటాసోన్, ఫ్లుయోసినోలోన్ అన్న పేర్లలో ఏదైనా ఉంటే అది స్టెరాయిడ్. మంగు మచ్చలకి డాక్టర్లు కొద్దివారాల కోసం రాసే మూడు మందుల కలగలుపు క్రీములో కూడా ఇది ఉంటుంది. దాన్ని తెల్లబడే క్రీముగా ఏళ్ళ తరబడి రాసుకునేవాళ్ళున్నారు. ఇప్పటికే వాడుతున్నవాళ్ళు భయపడి రేపే టక్కున మానేయకండి. ఎలా తగ్గించుకుంటూ రావాలో చర్మ డాక్టరే చెప్పాలి. మా తోడికోడలికి దారిలో పడటానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ ఎనిమిది నెలలూ తను ఏ శుభకార్యానికీ రాలేదు.

ఇక వంటింటి వైద్యం. నేను వంటింటికి వ్యతిరేకిని కాను, నా బతుకంతా అక్కడే. సున్నిపిండి ఒంటికి మంచిదే. కానీ మొటిమ ఉన్న ముఖం మీద ముతక పిండితో నలుగు పెట్టినట్టు రుద్దితే పొక్కులు చితికి మచ్చలవుతాయి. నిమ్మరసం ఘాటైన పులుపు, రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కాలి నల్లబడుతుంది. టూత్‌పేస్టు పళ్ళ కోసం చేసింది. పసుపు రాసుకుంటే హాని లేదు గానీ, లోపల గట్టిపడిన గడ్డని అది కరిగించదు. కొబ్బరినూనె ముఖానికి రాస్తే రంధ్రాలు మూసుకునే అవకాశం ఎక్కువ. తలకి దండిగా పెట్టుకుని పడుకుంటే రాత్రంతా నుదుటి మీదికి దిగుతుంది. నుదుటి మొటిమలున్నవాళ్ళు తలంటుకోబోయే గంట ముందు నూనె పెట్టుకుంటే సరిపోతుంది. దిండు గలీబు వారానికోసారైనా మార్చండి.

తిండి మాటకొస్తే, నూనె వస్తువులు తింటే ముఖం మీద నూనె కారుతుందనేది నిజం కాదు. రక్తంలో చక్కెరని ఒక్కసారిగా పెంచే తీపి, మైదా, తీపి పానీయాలు కొందరిలో మొటిమల్ని పెంచుతాయని మాత్రం పరిశోధనల్లో కనిపించింది. పాలకీ, ముఖ్యంగా జిమ్ముకెళ్ళే పిల్లలు తాగే వే ప్రోటీను పొడికీ కూడా సంబంధం ఉన్నట్టు చెప్తారు. నేను టీలో చక్కెర తగ్గించాను, పెరుగు మాత్రం మానలేదు. తిండి ఒక్కటే మారిస్తే పోయేవి కావు ఇవి.

అసలు మందుల దగ్గరికి వద్దాం. డాక్టరమ్మ వీటిని మెట్లలా చెప్పారు. కింది మెట్టు పూతమందులు.

మొదటిది బెంజాయిల్ పెరాక్సైడ్. సూక్ష్మజీవిని చంపుతుంది, ఆ జీవి దీనికి అలవాటుపడి మొండికెత్తదు. 2.5, 5, 10 శాతాల్లో దొరుకుతుంది. 10 శాతం కొంటే తొందరగా తగ్గుతుందనుకుంటాం కదా. 2.5 శాతం కూడా దాదాపు అంతే పనిచేస్తుంది, మంట తక్కువ. ఇది బట్టల రంగు తినేస్తుంది. మా ఇంట్లో రెండు తువ్వాళ్ళూ ఒక నైటీ మెడా తెల్లమచ్చలు పడ్డాక ముఖానికి విడిగా తెల్ల తువ్వాలు పెట్టుకున్నాను.

రెండోది అడాపలీన్. ఎ విటమిన్ కుటుంబం మందు. రంధ్రం మూతి దగ్గర కణాలు పేరుకోకుండా చూస్తుంది. అంటే మొటిమ పుట్టకముందే ఆపుతుంది. అందుకని ఉన్న మొటిమ మీద చుక్క పెట్టడం కాదు, మొటిమలొచ్చే చోటంతా రాయాలి. రాత్రి ముఖం కడిగి పూర్తిగా ఆరాక, మొత్తం ముఖానికి బఠాణీ గింజంత. కళ్ళు, ముక్కు మూలలు, పెదవుల చివర్లు వదిలేయాలి. మొదట్లో రోజు విడిచి రోజు రాసి, పైన మాయిశ్చరైజరు రాసుకోవాలి. మొదటి మూడు నాలుగు వారాలు పొట్టు లేస్తుంది, చురుక్కుమంటుంది, కొందరికి మొటిమలు కాస్త పెరిగినట్టు కూడా ఉంటుంది. మందు పడలేదని చాలామంది మానేసేది ఇక్కడే. అమెరికాలో దీని 0.1 శాతం జెల్లుని 2016 నుంచి చీటీ లేకుండానే అమ్ముతున్నారు. అక్కడున్న మా ఆడపడుచు "సబ్బు కొన్నట్టు కొనుక్కుంటాం వదినా" అంటే ఆశ్చర్యపోయాను. గర్భిణులూ, గర్భం కోసం చూస్తున్నవాళ్ళూ మాత్రం ఇది వాడకూడదు.

మూడోది అజెలాయిక్ ఆసిడ్. నెమ్మదైన మందు. మొటిమనీ, అది వదిలి వెళ్ళే నల్లమచ్చనీ రెండింటినీ చూసుకుంటుంది, అందుకే మన చామనఛాయ చర్మాలకి బాగా నప్పుతుంది. గర్భంతో ఉన్నప్పుడు కూడా వాడదగ్గదిగా డాక్టర్లు చెప్పేది ఇదే. ఇక క్లిండమైసిన్ జెల్ అందరికీ తెలిసిందే. అది యాంటీబయాటిక్. ఒక్కదాన్నే నెలల తరబడి రాస్తే సూక్ష్మజీవి దానికి లొంగడం మానేస్తుంది. బెంజాయిల్ పెరాక్సైడ్‌తో కలిపే వాడాలి.

వీటిలో ఏది వాడినా కనీసం 8 నుంచి 12 వారాలు ఆగాలి. ఇవాళ కనిపించే మొటిమ లోపల ఎప్పుడో మొదలై ఉంటుంది కాబట్టి, మందు ఆపేది రాబోయే నెలలవాటిని. ఊరగాయ పెట్టి మర్నాడే జాడీ తీసి ముక్క ఊరలేదనం కదా. నేను ఫోనులో ప్రతి నెలా ఒకటో తారీఖున కిటికీ దగ్గర అదే వెలుతురులో ఫోటో తీసుకున్నాను. రోజూ అద్దంలో చూస్తే తేడా తెలియదు.

రెండో మెట్టు మాత్రలు. డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్ ఎర్రగా వాచినవాటికి రాస్తారు. సాధారణంగా మూడు నాలుగు నెలలు మించనివ్వరు, పూతమందు పక్కన ఉండాల్సిందే. గ్లాసు నిండా నీళ్ళతో వేసుకోవాలి, వేసుకుని వెంటనే పడుకోకూడదు, అన్నవాహిక పుండుపడుతుంది. ఎండకి చర్మం తొందరగా కమిలిపోతుంది. గర్భిణులకి పనికిరాదు.

తర్వాత హార్మోన్ల మందులు. గర్భనిరోధక మాత్రల్లో కొన్ని మొటిమలకీ పనిచేస్తాయి. పీసీఓఎస్ ఉన్న అమ్మాయికి డాక్టరు అవి రాస్తే "పెళ్ళి కాని పిల్లకి ఆ మాత్రలా" అని చీటీ చింపేసిన తల్లిని నేనెరుగుదును. అక్కడ అది హార్మోన్ని తూకంలో పెట్టే మందు, అంతే. అయితే బీపీ ఉన్నవాళ్ళు, రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్ళు, కళ్ళ ముందు మెరుపులతో మొదలయ్యే పార్శ్వపు తలనొప్పి ఉన్నవాళ్ళు, 35 దాటి పొగతాగేవాళ్ళు వీటిని తీసుకోకూడదు. అందుకే పక్కింటావిడ స్ట్రిప్పు అడిగి వేసుకునే మందు కాదిది.

నాకు పూతమందులతో నాలుగు నెలల్లో పైన కనిపించేవి తగ్గాయి గానీ గడ్డం కింది గడ్డలు నెలనెలా వస్తూనే ఉన్నాయి. అప్పుడు డాక్టరమ్మ స్పైరోనోలాక్టోన్ అనే మాత్ర రాశారు. ఇది అసలు బీపీకీ ఒంటికి నీరు పట్టడానికీ వాడే పాత మందు. ఆండ్రోజెన్ల పనిని చర్మం దగ్గర అడ్డుకుంటుంది కాబట్టి ఆడవాళ్ళ మొటిమలకి వాడతారు. ఇంగ్లండులోనూ వేల్సులోనూ 410 మంది ఆడవాళ్ళ మీద దీన్ని ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూసిన పరిశోధన 2023లో వచ్చింది. మూడు నెలల దగ్గర కన్నా ఆరు నెలల దగ్గర తేడా బాగా కనిపించింది. ఇదీ తొందర లేని మందే.

రాసేముందు నన్ను ఆవిడ మూడు ప్రశ్నలడిగారు. పిల్లల ఆపరేషన్ అయిందా అని మొదటిది. అయింది కాబట్టి ఆ చింత లేదు. కడుపులో బిడ్డ ఉంటే ఇది వాడకూడదు. మూత్రపిండాల జబ్బేమైనా ఉందా అని రెండోది. వేరే మాత్రలేం వాడుతున్నారని మూడోది. ఇది ఒంట్లో పొటాషియాన్ని పెంచుతుంది. బీపీకి టెల్మిసార్టాన్ లాంటివి వాడేవాళ్ళలో అది ఇంకా పెరగొచ్చు. నా వయసు చూసి రక్తపరీక్ష కూడా చేయించారు. మొదటి రెండు నెలలూ నెలసరి ముందూ వెనకా అయింది, లేచి నిలబడితే కాస్త తల తిరిగేది. తర్వాత సర్దుకుంది.

అన్నిటికన్నా పై మెట్టు ఐసోట్రెటినాయిన్. అమెరికాలో 1982లో అనుమతి పొందిన మందు. మచ్చలు గుంటలు పడేంత తీవ్రమైన మొటిమలకి దీన్ని మించినది లేదు. నూనె గ్రంథినే కుదించేస్తుంది. పెదవులు పగులుతాయి, కళ్ళు పొడిబారతాయి, కాలేయానికీ కొవ్వుకీ పరీక్షలు చేయిస్తారు. మనసు దిగులుగా అనిపిస్తే వెంటనే డాక్టరుకి చెప్పాలి. వీటన్నిటికన్నా పెద్దమాట, దీన్ని వాడుతుండగా గర్భం వస్తే బిడ్డకి తీవ్రమైన లోపాలు వస్తాయి. మొదలుపెట్టే నెల ముందు నుంచి, ఆపిన నెల తర్వాత వరకు గర్భం రాకుండా చూసుకోవాల్సిందే. కొత్తగా పెళ్ళయిన పిల్లలకి ఈ మందు రాస్తే ఈ మాట డాక్టరు ఎదురుగా భర్తకీ వినిపించాలి. "మా అత్తగారు పిల్లల కోసం తొందరపడుతున్నారు" అని మొహమాటపడే విషయం కాదు.

మచ్చల గురించి ఒక మాట. మన చర్మానికి మొటిమ కన్నా అది పోయాక మిగిలే నల్లమచ్చే ఎక్కువ కాలం ఉంటుంది. నెలలు పడుతుంది గానీ అది మెల్లగా పోతుంది. ఎండ తగిలితే ముదురుతుంది, గిల్లితే గుంట పడుతుంది. గుంట పడితే అది క్రీములతో నిండదు. అందుకే డాబా మీద బట్టలారేయడానికి వెళ్ళే ముందు కూడా 30 ఎస్‌పీఎఫ్ సన్‌స్క్రీన్ రాయమన్నారు. జిడ్డు లేని జెల్లు రకం చూసుకోవాలి. పీలింగులూ లేజర్లూ మొటిమలు అదుపులోకి వచ్చాక, గుంటలకి ఆలోచించాల్సినవి. తగినంత చదువు లేనిచోట చేయించుకుంటే మన రంగు చర్మం కాలి ఇంకో మచ్చ మిగులుతుంది.

ఇంక ఖర్చు. నా పూతమందు ట్యూబు నెలన్నర వస్తుంది. ధర చూస్తే మా ఇంట్లో ఆదివారం తెప్పించే బిర్యానీ కన్నా తక్కువే. అయినా మొదటి నెల ఆ బిల్లుని ఇంటి లెక్కల పుస్తకంలో ఏ పద్దు కింద రాయాలా అని ఆలోచించాను. అమ్మాయి ట్యూబు "మందులు" కింద రాశాను. నాది రాయబోతే చెయ్యి "ఇతరములు" వైపు వెళ్ళింది. మా అత్తయ్యగారి మోకాళ్ళ మందు, మా వారి గ్యాస్ మాత్ర, పాప క్రీము అన్నీ మందులే. వరసలో నాదీ మందులే అని రాసి గీత కొట్టాను. మా వారు ఆ పుస్తకం చూసి ఏమీ అనలేదు. నెల తర్వాత తనే షాపు నుంచి ఆ ట్యూబు తెస్తూ, "పాపదా నీదా, ఏది అయిపోయింది?" అని ఫోను చేసి అడిగారు. ఆ ప్రశ్న నాకు నచ్చింది.

ఇప్పుడు పది నెలలైంది. పూర్తిగా పోయాయని అబద్ధం చెప్పను. నెలసరి ముందు ఒకటో రెండో పలకరిస్తాయి. కానీ దవడ నొప్పి లేదు, ఫోను ఏ చెవికైనా పెట్టుకోగలను. మందు ఎప్పుడు ఆపాలో ఇంకా తెలియదు, తగ్గాక కూడా పూతమందు కొనసాగించాలంటున్నారు. బీపీకి మాత్ర వేసుకోవడం లేదూ, అలాగే అనుకున్నాను.

మీలో ఎవరైనా వెళ్ళాలనుకుంటే ఒక కాగితం మీద ఇవి రాసుకుని వెళ్ళండి. మొటిమలు ఎన్నేళ్ళుగా ఉన్నాయి, నెలసరి తేదీలు, ఇదివరకు రాసిన క్రీములన్నీ (ట్యూబులు పట్టుకెళ్తే ఇంకా మంచిది), వేసుకుంటున్న మాత్రలు, బి12 ఇంజెక్షన్లతో సహా, ఎందుకంటే అవి కూడా కొందరికి మొటిమలు తెప్పిస్తాయి. గర్భం ఉందా, వచ్చే అవకాశం ఉందా అన్నది వాళ్ళు అడక్కపోయినా మీరే చెప్పండి. చర్మ వైద్యంలో ఎండీ గానీ డీవీఎల్ గానీ చదివారో లేదో బోర్డు మీద చూసుకోండి. జిల్లా ఆస్పత్రుల్లోనూ, ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆస్పత్రుల్లోనూ చర్మ విభాగం ఉంటుంది, అక్కడైతే ఓపీ చీటీతో చూపించుకోవచ్చు.

ఆదివారం మా బంధువులింట్లో గృహప్రవేశం ఉంది. మా తోడికోడలు వస్తానంది. ఇద్దరం ఒకే రంగు చీరలు కట్టుకుందామని ఫోన్లో మాట్లాడుకున్నాం. సన్‌స్క్రీన్ మాత్రం ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలని ఒప్పందం.